ఉదాహరణకు సంగీత

అమీర్‌పేట,
18 జూన్ 1999

బావకు సంగీత నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను.

ఇంతవరకు బడిలో నేర్పారు. దీని తర్వాత ఏం రాయాలో నేర్పేలోపే ఏడో తరగతిలో మాన్పించారు. తోచింది రాస్తున్నాను, నవ్వకు.

జిరాక్స్ షాపుకు నువ్వు ఫోన్ చేస్తే నేను మాట్లాడలేదని కోపం తెచ్చుకోవద్దు. షాపు నిండా నోట్సు కోసం వచ్చిన పిల్లలు. అందరూ నా నోటివైపే చూస్తుంటే మాట రాలేదు. నీ గొంతు విన్నాను, అది చాలు. కాగితం మీదైతే నాకు సిగ్గు లేదు.

అత్తమ్మ మెస్సు బాగా నడుస్తున్నది. మైత్రీవనం వెనక మన సందులోనే ఇంకో రెండు ఇన్‌స్టిట్యూట్లు తెరిచారు. గోడ కనబడకుండా జావా, జావా అని కాగితాలు అంటించారు. తినడానికి వచ్చే పిల్లలందరూ అక్కడివాళ్ళే. నేను వంటింటి పరదా దాటి బయటికి రాను.

నిన్న ఒక తప్పు జరిగింది. అత్తమ్మ కూరగాయలకు పంజాగుట్ట పోతూ, పిల్లలు అడిగితే వడ్డించమని చెప్పింది. వాళ్ళు వచ్చి కూర్చున్నారు. నేను అన్నం గిన్నె పట్టుకుని, అడుగుతారేమోనని పరదా వెనక నిలబడ్డాను. వాళ్ళు, కొత్త కోడలిని కేకేయడం బాగుండదని ఊరుకున్నారు. అత్తమ్మ వచ్చి చూస్తే అన్నం చల్లారిపోయింది.

"ఏందే, అందరు గిట్ల బొమ్మల్లెక్క కూసున్నరు?"

"అడుగుతరని చూస్తున్న అత్తమ్మా."

"పెడతారని మేం చూస్తున్నామండీ" అన్నాడు గోదావరి నుంచి వచ్చిన బుల్లబ్బాయి.

"మంచిగున్నది. ఇద్దరు ఇట్లనే చూసుకుంట కూసుంటే పొద్దుగూకుతది!" అని అత్తమ్మ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఇంకొకటి. నాకు నెల తప్పింది. అత్తమ్మకు ఇంకా చెప్పలేదు, ముందు నీకే.

ఇల్లు దొరికిందా? నన్ను ఎప్పుడు తీసుకుపోతావు?

నీ సంగీత


బెంగళూరు,
2 జూలై 1999

సంగీతకు,

ఆ "క్షేమం, తలుస్తాను" మళ్ళీ రాయకు. ముసలివాళ్ళు పోస్టుకార్డుల మీద రాసుకునే మాటలవి. ఏం జరిగితే అది రాయి. అన్నం గిన్నె సంగతి చదివి ఆఫీసులో పైకే నవ్వాను. అది ఎంత బాగుందో నీకు తెలియదు.

ఇక్కడ నేనేం చేస్తున్నానో చెబుతాను విను. అమ్మ వంటింట్లో డబ్బాలున్నాయి కదా, కారం, పసుపు, ధనియాల పొడి. కూర వండిన ప్రతిసారీ మిరపకాయలు దంచుకోరు. డబ్బా మూత తీసి చెంచాడు వేస్తారు. జావా అనే కంప్యూటర్ భాషతో పాటు అట్లాంటి తయారు డబ్బాలు వేలకొద్దీ వస్తాయి. దాన్నే లైబ్రరీ అంటారు. ఏ డబ్బాలో ఏముంది, ఎట్లా వాడాలి, తప్పుగా వాడితే ఏమవుతుంది అని ఒక్కోదాని గురించి రాయడమే నా పని. తయారుచేసినవాళ్ళు రాసిన వివరం ఉంది కానీ, అది అమీర్‌పేట పిల్లలకు కొరుకుడు పడదు. అందుకే ఈ పుస్తకం.

ప్రతి డబ్బాకూ ఒక ఉదాహరణ ఉండాలి. చిక్కంతా అక్కడే. మా పుస్తకాల విభాగం పెద్ద ఛాయాదేవి మేడం. నేను రాసిన ఉదాహరణలన్నీ కొట్టేస్తున్నది. "గిరిబాబూ, వీటిలో ప్రాణం లేదు" అంటుంది. ముఖ్యంగా ఒకటి ఎట్లా రాసినా కుదరడం లేదు: డబ్బా మీద పేరు ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. పేరు చూసి చెయ్యి పెడితే ప్రోగ్రాం అక్కడికక్కడే కూలిపోతుంది. కొత్తగా నేర్చుకునే ప్రతివాడూ చేసే తప్పు అదే. దాన్ని వాడి మనసుకు తాకేట్టు చెప్పాలి.

నెల తప్పిన సంగతి సంతోషం. ఒళ్ళు జాగ్రత్త. పుస్తకం కాగానే ఇల్లు చూసి తీసుకొస్తాను. అప్పటిదాకా రాస్తూ ఉండు. ఎక్కడ పొరపాటు పడ్డావు, ఎక్కడ భయపడ్డావు, ఏం మరిచిపోయావు, ఏదీ వదలకు.

గిరిబాబు


అమీర్‌పేట,
19 జూలై 1999

బావకు,

నువ్వు చెప్పినట్టే పైన ఏమీ పెట్టకుండా మొదలుపెట్టాను. తలుపు తట్టకుండా ఇంట్లోకి వచ్చినట్టున్నది.

నా తప్పులు కూడా చదవాలని ఉందన్నావు. మొగుడు తప్పులు ఎంచుతాడని మా అమ్మ చెప్పింది కానీ, అడిగి మరీ చెప్పించుకుంటాడని చెప్పలేదు. నాకు ఎంత సంతోషమో. అందుకే ఇది కూడా రాస్తున్నాను.

మొన్న పంజాగుట్టలో దారం కొనుక్కుని బస్సెక్కాను. అమీర్‌పేట రాగానే దిగాలి. ముందు మగవాళ్ళు అడ్డంగా నిలబడ్డారు. జరగమని అడగలేకపోయాను. బస్సు బోరబండ దాకా పోయింది. అక్కడా దిగలేదు. కండక్టర్ "ఏమ్మా, ఇంటికి పోవా?" అన్నాడు. తల ఊపాను. బస్సు తిరిగి వచ్చింది. అమీర్‌పేటలో మళ్ళీ అడగలేకపోయాను. మళ్ళీ పంజాగుట్ట. చివరకు ఒక ముసలమ్మ నన్ను రెక్క పట్టుకుని దింపింది. అత్తమ్మకు షాపులో ఆలస్యమైందని అబద్ధం చెప్పాను. నీకు తప్ప ఎవరికీ తెలియదు.

అత్తమ్మకు కడుపు సంగతి చెప్పాను. బెల్లం ముక్క నోట్లో పెట్టింది. "కొడుకైతే మీ మామ పేరే పెట్టాలె. నేను నోటితోని అననని ఎర్కనే గద. నువ్వే నోరార పిల్వాలె, నేను ఇంటుంట" అన్నది. మామ చనిపోయి ఇన్నేళ్ళయినా ఆమె ఆయన పేరు పలకదు. నేను మటుకు వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు మెల్లగా "రాజనర్సయ్యా" అని పిలిచి చూసుకుంటున్నాను. ఇంత చిన్న కడుపుకు అంత పెద్ద పేరు.

ఇల్లు చిన్నదైనా పరవాలేదు బావా.

నీ సంగీత


అమీర్‌పేట,
11 సెప్టెంబర్ 1999

బావకు,

ఇది అశుభం రాసిన కాగితం. చదివి చింపెయ్యి, ఇంట్లో ఉంచవద్దు.

కడుపు నిలవలేదు. మంగళవారం పొద్దున నీళ్ళ బిందె దించుతుంటే నొప్పి మొదలైంది. అత్తమ్మ ఆటోలో తీసుకుపోయింది. అప్పటికే అయిపోయింది. మగపిల్లవాడు అన్నారు. నేను చూడలేదు.

ఇంటికి వచ్చాక అలవాటు కొద్దీ పొయ్యి దగ్గర ఆ పేరు పిలిచాను. పేరు మిగిలింది బావా. పిలిస్తే పలికేవాళ్ళు లేరు.

ఒక్కసారి రా. రెండు రోజులుండి పోదువు గానీ.

సంగీత


బెంగళూరు,
24 సెప్టెంబర్ 1999

సంగీతకు,

నీ ఉత్తరం అందింది. చింపమన్నావు, చేతులు రాలేదు. పేరు మిగిలిందన్న ఆ రెండు వాక్యాలు మళ్ళీ మళ్ళీ చదివాను. నేను నెలల తరబడి తంటాలు పడ్డా రాయలేనిది నువ్వు రాశావు. మేడంకు ఇంగ్లీషు చేసి వినిపించాను. ఆమె ఇంకోసారి చదవమన్నది. తర్వాత "ఇన్నాళ్ళకు దొరికింది" అన్నది.

రావాలనే ఉంది. ఈ నెలలో అధ్యాయాలు ప్రెస్సుకు పోవాలి, కదలడానికి లేదు. ధైర్యంగా ఉండు. మనసులో ఏమనిపిస్తే అది రాస్తూ ఉండు. రాస్తే తేలిక పడతావు.

గిరిబాబు


అమీర్‌పేట,
20 ఫిబ్రవరి 2000

బావకు,

చింపడానికి చేతులు రాలేదని నువ్వు రాసిన ఉత్తరాన్ని పోపుల డబ్బా అడుగున పెట్టుకున్నాను. జీలకర్ర వాసన వస్తున్నది. నా బాధకు నీ చేతులు ఆగిపోయాయి కదా అనుకుంటే, నువ్వు రాకపోయినా వచ్చినట్టే ఉంది. మీ మేడం అన్న మాట నాకు అర్థం కాలేదు. పెద్దవాళ్ళు ఓదార్పు ఇంగ్లీషులో అట్లా చెబుతారేమో.

పుస్తకం వచ్చిందట, సంతోషం. మన మెస్సులో పిల్లలందరి చేతుల్లో అదే. అట్ట మీద నీ పేరు ఉన్నదని బుల్లబ్బాయి చూపిస్తే అత్తమ్మ కొంగుతో తుడిచి కళ్ళకద్దుకుంది.

అయితే ఒక సంగతి నాకు తెలియడం లేదు. పిల్లలు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. ఎవరు చెప్పారో. అన్నం ఆలస్యమైతే బుల్లబ్బాయి "సంగీత గారూ, మీరు మా కోసం చూస్తున్నారా, మేం మీ కోసం చూస్తున్నామా అండీ?" అంటాడు. అందరూ నవ్వుతారు. అది పాత సంగతి, వాళ్ళు కూడా ఉన్నారు, సరే. కానీ మొన్న వాజిద్ అనే అతను "భాభీ, జర చూసుకొని ఎక్కున్రి. బోరబండ బస్సు గోల్ గోల్ తిప్పుతది" అన్నాడు. నేను నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు బావా. ఆ బస్సులో వాళ్ళెవరైనా ఉన్నారేమో, నన్ను చూశారేమో అని రాత్రంతా సిగ్గుతో చచ్చిపోయాను.

ఒక పుస్తకం బల్ల మీద తెరిచి ఉంటే తుడుస్తూ చూశాను. నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు కదా. కూడబలుక్కుంటే నా పేరులాగే ఉంది. నీ పెళ్ళాం పేరని ముచ్చటపడి ఎక్కడో రాసుకున్నావా?

పుస్తకం అయిపోయింది కాబట్టి నా చీరలు మడత పెట్టుకుంటున్నాను. ఏ రోజు వస్తావో రాయి.

నీ సంగీత


బెంగళూరు,
3 మార్చి 2000

సంగీతకు,

పిల్లలు ఏదో అంటారు, పట్టించుకోకు. వయసు అట్లాంటిది.

పుస్తకం బాగా పోతున్నది. రెండో భాగం కూడా నన్నే రాయమన్నారు. అందుకని ఇల్లు సంగతి కొంత ఆగాలి. నువ్వు ఇక్కడికి వస్తే రోజంతా ఒక గదిలో ఒక్కదానివే ఉండాలి. అక్కడైతే నలుగురి మధ్య ఉంటావు, రోజూ ఏదో ఒకటి జరుగుతుంది. ఈ మధ్య నీ ఉత్తరాలు తగ్గాయి. ఆపవద్దు.

గిరిబాబు


అమీర్‌పేట,
25 మార్చి 2000

గిరిబాబు బావకు,

మధ్యాహ్నం మన మెస్సుకు ఉమైరా అనే అమ్మాయి వస్తుంది. ఆమె కూడా జావా నేర్చుకుంటున్నది. నా పేరున్న పేజీ చదివి తెలుగులో చెప్పమని అడిగాను. ఆమె పుస్తకం మూసేసింది.

"వద్దు భాభీ. అన్నం వెట్టున్రి, తిని పోత."

"మా ఆయన రాసిండు గద, నాకు చెప్తే ఏమైతది?"

"మీ ఆయన రాసిండనే వద్దంటున్న."

నేను విడవలేదు. ఆమె చదివింది. అన్నం గిన్నె పట్టుకుని నిలబడ్డ సంగతి ఉంది. ఇద్దరు ఒకరి కోసం ఒకరు ఆగి ఎవరూ కదలకపోతే ప్రోగ్రాం ఎట్లా బిగుసుకుపోతుందో చెప్పడానికట. బస్సు ఉంది. ఆగడం తెలియని చుట్టు తిరుగుడుకట. "సంగీతకు నోరు లేదు కాబట్టి సంగీత దిగదు" అని రాశావట. నేను నవ్వాను. ఉమైరా నవ్వలేదు.

తర్వాతి పేజీ తిప్పకుండా వేలు అడ్డం పెట్టింది. నేనే వేలు తీశాను.

రాజనర్సయ్య అని పేరు పెట్టారు, లోపల ఎవరూ లేరు. సంగీత పిలుస్తుంది. ప్రోగ్రాం అక్కడ కూలిపోతుంది. కింద ఒక ప్రశ్న కూడా ఉందట: పిలిచే ముందు సంగీత ఏం చూసుకుని ఉండాలి?

నేను ఏం చూసుకుని ఉండాలి బావా? బిందె దించేముందా?

ఇప్పుడు అమీర్‌పేటలో ఆ తప్పుకు అదే పేరు. ల్యాబుల నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని "అరె యార్, మళ్ళ రాజనర్సయ్య" అంటారు. "నాకు పొద్దున్నుంచి పోతూనే ఉన్నాడండీ రాజనర్సయ్య" అంటాడు బుల్లబ్బాయి. వాళ్ళకు మా సంగతి తెలియదు, అదొక పేరు. అత్తమ్మ ఇన్నాళ్ళు ఏదో పాఠం అనుకున్నది. ఆ రోజు వడ్డించే గంటె ఆపి, "ఎవన్ని అంటున్రు బిడ్డా?" అని అడిగింది. తను జన్మలో పలకని పేరు పదిమంది నోళ్ళలో నలుగుతున్నది. ఉమైరా ఉండబట్టలేక చెప్పేసింది.

అత్తమ్మ నిన్ను ఏమీ అనలేదు. నన్నే అన్నది. "ఇంటి మాట కాయితమెక్కిచ్చినవు. ఎక్కిస్తెనే గద వాడు సంతల పెట్టిండు. గా పోరడు నా కొడుకే, వాని బుద్ధి నాకెర్కనే. నీకేమయిందే?"

నిజమే కదా.

చింపమని రాశాను. చింపలేదు. నేను దాన్ని ప్రేమ అనుకుని జీలకర్రలో దాచుకున్నాను.

ఉమైరా పుస్తకం కొననన్నది. అంతకంటే ఆ పిల్ల మాత్రం ఏం చేయగలదు.

సంగీత


బెంగళూరు,
6 ఏప్రిల్ 2000

సంగీతా,

చాలా బాధపడ్డట్టు రాశావు. కొంచెం నిదానంగా ఆలోచించు. పుస్తకంలో ఉన్న సంగీత నువ్వు కాదు, ఒక పేరు. ఊళ్ళో ఎంతమంది సంగీతలు లేరు? మన మెస్సులో తినే నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. నాన్న పేరు వేలమంది చదువుకుంటున్నారు, ఊళ్ళో ఉన్నన్నాళ్ళు ఆయన పేరు మగ్గం దాటలేదు. ఆ పేజీ చదివిన పిల్లవాడు జీవితంలో ఆ తప్పు మళ్ళీ చేయడు. అది చిన్న సంగతా? కష్టం ఎట్లాగూ వచ్చింది, పోనీ ఎవరికైనా పనికొచ్చిందని అనుకోవచ్చు కదా.

నన్ను ఎప్పుడు తీసుకుపోతావని ఈసారి అడగలేదు. దాచకుండా చెబుతాను. నువ్వు వస్తే రోజూ ఎదురెదురుగానే ఉంటాం. అప్పుడు ఉత్తరాలు ఎవరు రాస్తారు? ఎదురుగా నీకు మాట రాదు. రెండో భాగం అయ్యేదాకా అక్కడే ఉండు.

లైబ్రరీలో ఒక భాగం ఉంది. ప్రోగ్రాం తనను తానే అద్దంలో చూసుకున్నట్టు, తన లోపల ఏమున్నదో తానే తెలుసుకుంటుంది. దానికి ఉదాహరణ దొరకడం లేదు. ఆ రోజు ఉమైరా చదువుతుంటే, నీ సంగతి నువ్వే వింటుంటే నీకు లోపల ఎట్లా ఉండింది? మొదట నవ్వానన్నావు. ఎందుకు నవ్వావు? ఆ సంగతి వివరంగా రాయి.

గిరిబాబు


అమీర్‌పేట,
22 ఏప్రిల్ 2000

గిరిబాబు బావకు సంగీత నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను.

ఎండలు ఎక్కువగా ఉన్నాయి. ఇతర విశేషాలు ఏమీ లేవు.

ఇట్లు,
సంగీత


బెంగళూరు,
4 మే 2000

సంగీతా,

ఇది ఉత్తరమేనా? పగ తీర్చుకుంటున్నావా? మేడం అడుగుతున్నది, నేనేం చెప్పను? చదువుకోని దానివైనా నీకు ఒక విద్య ఉంది, దాన్ని అలిగి పాడుచేసుకోకు. అమ్మ ఎట్లా ఉంది? ఆమె గురించైనా రాయి. ఆమె మాటల్లో చాలా ఉంటుంది, రెండో భాగానికి పనికొస్తుంది.

పదో తేదీన పుస్తకం పని మీద ఢిల్లీ పోతున్నాను. నెలాఖరుకు వస్తాను. వచ్చేసరికి నీ ఉత్తరం నా బల్ల మీద ఉండాలి. నిండుగా ఉండాలి.

గిరిబాబు


అమీర్‌పేట,
21 మే 2000

గిరిబాబు బావకు,

ఇది అశుభం రాసిన కాగితం.

అత్తమ్మ పోయింది. ఒవైస్ అని మన మెస్సులో తినే అతను మీ ఆఫీసుకు ఫోన్ చేశాడు. నువ్వు ఢిల్లీలో ఏ హోటల్లో ఉన్నావో వాళ్ళకు తెలియదన్నారు. ఎండల్లో శవాన్ని ఉంచడానికి లేదు. సిరిసిల్ల నుంచి మీ చిన్నాన్న భిక్షపతి వచ్చి నిప్పు పెట్టాడు. బుల్లబ్బాయి, వాజిద్ కూడా పాడె పట్టారు.

నేను క్షేమమని రాసిన రోజుకే అత్తమ్మ పక్క మీద ఉంది. కామెర్లు. కళ్ళలో పసుపు పోసినట్టయింది. నీకు రాస్తానంటే నా చేయి తన తల మీద పెట్టించుకుంది. "వద్దు. నా రోగం సుత పుస్తకంల ఎక్కిస్తడు. ఒక్క అచ్చరం రాసినవంటే నా మీద ఒట్టే." నేను రాయలేదు. ఒట్టు వల్లనే రాయలేదని చెప్పను. సగం ఒట్టు, సగం పగ. నిన్ను పిలిపించి ఉంటే వచ్చేవాడివేమో. పోయినసారి పిలిస్తే రాలేదు కానీ, ఈసారి తల్లి కదా.

ఇల్లు దొరికిందా అని ఇక అడగను. మెస్సు నేను నడుపుతున్నాను. అత్తమ్మను బయటికి తెచ్చేటప్పుడు వంటింటి పరదా అడ్డమని తీసేశారు. మళ్ళీ కట్టలేదు.

నిండుగా రాయమన్నావు. రాశాను. చివరి మూడు రోజులు అత్తమ్మ పక్కనే కూర్చుని ఏమేం విన్నానో, నన్ను క్షమించిందో లేదో, నీ సంగతి ఏమని అడిగిందో, అన్నీ ఒక్క మాట పోకుండా రాశాను. ప్రాణం పోయే ముందు నోరు తెరిచి ఒక పేరు పిలిచింది. గట్టిగా, సిగ్గు లేకుండా పిలిచింది. మామనో, నిన్నో, మామ పేరుకు పలకాల్సిన పసివాడినో, అది కూడా రాశాను. ఇంత బాగా నేను ఎప్పుడూ రాయలేదు.

చావు కబురు రాసిన కాగితాన్ని చదివి చింపెయ్యాలి. నువ్వు చింపవు. అందుకని ఆ కాగితాలు నేనే చింపి పొయ్యిలో వేశాను. మిగిలిన ఈ ఒక్కటీ పంపుతున్నాను.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను.

ఇట్లు,
సంగీత